ఇంగ్లీష్ మీడియం స్కూల్ డెమోలో తెలుగు మాట్లాడితే ఉద్యోగం పోతుందా?

ప్రశాంతి_బీఎడ్
నమస్తే అండి. విజయవాడలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో 6వ తరగతి లెక్కల టీచర్ పోస్టుకు వచ్చే శనివారం డెమో ఉంది. 15 నిమిషాలు. టాపిక్ వాళ్ళే ఇచ్చారు: హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక. ఆ తర్వాత ప్రిన్సిపాల్‌తో ఇంటర్వ్యూ. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీష్‌లో చెప్పగలను, కానీ పిల్లలు అర్థం కాలేదంటే నోటికి తెలుగే వస్తుంది. డెమోలో అలా వస్తే మార్కులు తగ్గిస్తారా?

పద్మజ_కోఆర్డినేటర్
తగ్గిస్తారమ్మా. మెత్తగా చెప్తే నీకే నష్టం. ప్యానెల్ చేతిలో ఒక షీట్ ఉంటుంది. సబ్జెక్టు, భాష, బోర్డు, ప్రశ్నలు అడిగే తీరు, టైము, ఇంచుమించు ఇవే గడులు. భాష గడిని మొదటి రెండు నిమిషాల్లోనే నింపేస్తారు, తర్వాత దిద్దేవాళ్ళు తక్కువ.

అలాగని పాఠం మొత్తం ఇంగ్లీష్‌లో బట్టీ పట్టకు. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే తెగిన చోట మళ్ళీ అందుకోలేవు. క్లాసులో పదే పదే వాడే చిన్న వాక్యాలు ఒక ఇరవై రాసుకో: 'షో మీ', 'హౌ డూ యూ నో?', 'హూ గాట్ ఎ డిఫరెంట్ ఆన్సర్?', 'కమ్ అండ్ రైట్ ఇట్'. అద్దం ముందు కాదు, ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. ఏ వాక్యం దగ్గర నోరు తడబడితే దాన్ని ఇంకా చిన్నది చెయ్యి. పెద్ద వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోవడమే తెలుగులోకి జారడానికి కారణం.

లెక్కలమాస్టారు_ఖమ్మం
మేడమ్ చెప్పిన వాక్యాలు బాగున్నాయి. తెలుగు అసలు వద్దన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. ఈ టాపిక్‌లో పిల్లలు తప్పకుండా చేసే తప్పు ఒకటుంది: 1/2 + 1/3 = 2/5. పైవి పైవి కలుపుతారు, కిందవి కిందవి కలుపుతారు. ఆ తప్పు ఎందుకు తప్పో పిల్లకు వెలగాలంటే తనకు ఆలోచన నడిచే భాషలో ఒక్క ప్రశ్న పడాలి.

ప్రశాంతి గారూ, ఇలా చెయ్యండి. 12 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు కాగితం పట్టీలు పిల్లకొకటి చొప్పున, చేతిలో ఐదారు ఎక్కువ పెట్టుకోండి. సగానికి మడిస్తే 6 సెం.మీ. ఇంకో పట్టీని మూడు భాగాలు చేస్తే ఒక్కో భాగం 4 సెం.మీ. రెండూ పక్కపక్కన పెడితే 10 సెం.మీ. ఇప్పుడు 2 సెం.మీ. ముక్కలతో కొలవమనండి. సగంలో మూడు, మూడో వంతులో రెండు, మొత్తం ఐదు. పూర్తి పట్టీకి అలాంటివి ఆరు. అంటే 5/6. క.సా.గు. అనే మాటే ఎత్తకుండా హారం 6 ఎందుకొచ్చిందో కంటికి కనబడుతుంది.

ఎవరైనా 2/5 అంటే కొట్టెయ్యకండి. పట్టీలో 2/5 అంటే 4.8 సెం.మీ. సగమే 6 సెం.మీ. కదా. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందేంటి?" ఈ ఒక్క వాక్యం తెలుగులో అడగండి. క్లాసు మొత్తం లేచి కూర్చుంటుంది.

నల్లబల్ల
12 ఎందుకు సార్? 10 సెం.మీ. పట్టీ అయితే పిల్లలకు స్కేలు మీద తేలిక కదా. దశాంశాలకు కూడా పనికొస్తుంది.

లెక్కలమాస్టారు_ఖమ్మం
10ని మూడు భాగాలు చేస్తే 3.33 వస్తుంది. స్కేలు మీద ఎక్కడ గీత గీస్తారు?

నల్లబల్ల
మడిస్తే సరిపోతుంది, కొలవక్కర్లేదు. మడతతో మూడు భాగాలు ఎంత పొడవైనా వస్తాయి.

లెక్కలమాస్టారు_ఖమ్మం
6వ తరగతి పిల్లలు మూడు మడతలు సమానంగా వేయలేరండి. ఒక భాగం ఎప్పుడూ పొట్టిగానే వస్తుంది. డెమోలో రెండు నిమిషాలు మడతలకే పోతాయి. కొలత పట్టీ అయితే ముందే పెన్సిల్‌తో చుక్కలు పెట్టి ఇవ్వొచ్చు.

నల్లబల్ల
ముందే చుక్కలు పెట్టిస్తే ఇక పిల్లలు చేసే పనేముంది? మీరే చేసినట్టు.

కేవీఎస్_ఆశావహుడు
పట్టీ పొడవు సంగతి తర్వాత చూసుకోండి. ఆమె అడిగింది భాష గురించి. 2020 జాతీయ విద్యా విధానం 5.4 పేరా చదవండి. టీచర్ నియామకంలో క్లాస్‌రూమ్ డెమో గానీ ఇంటర్వ్యూ గానీ భాగం కావాలని, స్థానిక భాషలో చెప్పగలరా లేదా అన్నది కూడా అందులో చూడాలని రాసి ఉంది. 2023 జులైలో సీబీఎస్ఈ కూడా భారతీయ భాషల్లో బోధించుకోవచ్చని స్కూళ్ళకు సర్క్యులర్ ఇచ్చింది. తెలుగు వాడితే మార్కులు తగ్గించడం ఆ విధానానికే విరుద్ధం.

ఇంకో మాట, డెమో బరువు ఎక్కడైనా ఒకటే కాదు. రెండు రాష్ట్రాల డీఎస్సీలోనూ ఇంటర్వ్యూ లేదు, రాత పరీక్ష 80, టెట్ వెయిటేజీ 20. కేంద్రీయ విద్యాలయాల (కేవీఎస్) 2022 నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 70 శాతం, డెమోకు 15, ఇంటర్వ్యూకు 15. ప్రైవేటు స్కూల్లో మాత్రం ఆ పావు గంటే మొత్తం.

పద్మజ_కోఆర్డినేటర్
సర్క్యులర్ 'ఇలా కూడా చేసుకోవచ్చు' అన్నది, 'చేయాలి' అనలేదు. శనివారం ప్యానెల్ ముందు పేరా నంబర్ చెప్పి ఉద్యోగం తెచ్చుకోలేరు. ఆ స్కూల్లో మార్వాడీ పిల్లలుంటారు, ఒడియా పిల్లలుంటారు, రైల్వే బదిలీల మీద వచ్చినవాళ్ళుంటారు. తెలుగులో అడిగిన ఆ 'ఒక్క వాక్యం' వాళ్ళకు ఎవరు చెప్తారు? మాస్టారు గారి పట్టీ మంచిది. పట్టీ పక్కన పట్టీ పెట్టి "ఈజ్ ఇట్ మోర్ దాన్ హాఫ్ ఆర్ లెస్?" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. వస్తువు చేతిలో ఉన్నప్పుడు భాష తక్కువే చాలు.

బోర్డు గురించి ఎవరూ చెప్పలేదు. మూడు భాగాలు చెయ్యి. ఎడమ పక్క టాపిక్, కొత్త మాటలు. మధ్యలో లెక్క. కుడి పక్క పిల్లలు చెప్పిన జవాబులు, తప్పువి కూడా, చివరిదాకా తుడవకుండా. చాక్‌పీస్ సగానికి విరిచి పట్టుకుంటే కీచుమనదు. రాసేటప్పుడు వీపు పూర్తిగా తిప్పకు, పక్కకు నిలబడి రాయి. చాలామంది 15 నిమిషాల్లో మూడు నిమిషాలు గుడ్ మార్నింగ్‌కీ పరిచయానికీ ఖర్చు పెడతారు, ఇంకో మూడు నిర్వచనానికి, అసలు లెక్క మొదలయ్యేసరికి బెల్లు. రెండు నిమిషాలు 1/4 + 2/4 తో పాత పాఠం, ఆరు పట్టీలకు, నాలుగు బోర్డుకు, రెండు నిమిషాలు అందరూ నోట్‌బుక్‌లో చేసే ఒక లెక్క. ఒక నిమిషం వదిలెయ్. ప్యానెల్ వాళ్ళే పిల్లల్లా కూర్చుని కావాలని తప్పు చెప్తారు, ఆ నిమిషం అందుకు.

గోదావరి_బయాలజీ
అసలు నిజమైన పిల్లలుంటారా, ప్యానెలే పిల్లలా? అది కనుక్కోండి ముందు. నలుగురు పెద్దవాళ్ళ చేతికి పట్టీలిస్తే పద్ధతి వేరుగా ఉండాలి.

కరీంనగర్_పీజీటీ
ఇంకోటి కూడా అడగాలె. డెమో ఎన్ని రోజులు? ఒక స్కూలోల్లు నాతోని వారం రోజులు సిలబస్ చెప్పించుకొని తర్వాత ఫోనే ఎత్తలేదు. పైసా ఇయ్యలె. ఒక్క పీరియడ్ దాటితే డబ్బుల సంగతి ముందే మాట్లాడుకోవాలె. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించుడే, ఇచ్చుడు లేదు. జిరాక్సు మీద సంతకం పెట్టి ఇయ్యండి.

లెక్కలమాస్టారు_ఖమ్మం
పద్మజ గారూ, మీ ప్యానెల్ తర్కం నాకు తెలుసు. గ్రామర్ తప్పు పోతే షీట్‌లో గీత పడుతుంది. పిల్లకు 2/5 ఎందుకు తప్పో అర్థమైందా అన్న గడి ఆ షీట్‌లో ఉందా? మీరు ఇప్పుడు చెప్పిన ఐదింట్లో లేదు.

పద్మజ_కోఆర్డినేటర్
మాస్టారూ, ఆ గడి లేదన్నది నిజమే, ఉండాలి. కానీ మీరు ఇంకోవైపు కూడా చూడండి. అభ్యర్థుల్లో సగం మంది 'పిల్లలకు అర్థం కావాలని' తెలుగు మాట్లాడటం లేదు. ఇంగ్లీష్ రాక తెలుగు వెనక దాక్కుంటున్నారు. ఆ తేడా పావు గంటలో ప్యానెల్‌కు ఎలా తెలుస్తుంది?

లెక్కలమాస్టారు_ఖమ్మం
దాక్కుంటున్నారా? ఆ మాట వెనక్కి తీసుకోండి. ఊళ్ళో సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి, డిగ్రీలో లెక్కలు చేసి, బీఎడ్, టెట్ అన్నీ పాసై వచ్చిన పిల్లను "భాష" అన్న ఒక్క గడి గడప దగ్గరే ఆపేస్తోంది. ఆమె భిన్నాలు బాగా చెప్తుందో లేదో మీరు చూడనే లేదు. కాన్వెంట్‌లో చదివి భిన్నాలు బట్టీ పట్టించే మనిషి ఆ గడిలో పూర్తి మార్కులతో లోపలికి వెళ్తాడు. నా తగాదా డెమోలో ఒక్క తెలుగు వాక్యం గురించి కాదు. ఆ షీట్ టీచర్‌ను కొలవడం లేదు, ఏ బడిలో చదివిందో కొలుస్తోంది.

నల్లబల్ల
దీనికి నేను మాస్టారి వైపే. పట్టీ విషయంలో మాత్రం కాదు.

పద్మజ_కోఆర్డినేటర్
'దాక్కుంటున్నారు' అన్న మాట కష్టం కలిగించింది, వదిలేస్తున్నా. మీరు చెప్పిన జల్లెడ ఉందని ఒప్పుకుంటాను. కానీ అది శనివారం ఆ అమ్మాయి చేతిలో లేదు. తల్లిదండ్రులు ఫీజు కడుతున్నది ఇంగ్లీష్ కోసం అని మేనేజ్‌మెంట్ అనుకున్నంతకాలం ఆ గడి పోదు. మీరు జల్లెడ మార్చాలంటున్నారు, నేను ఈ వారం దాన్ని దాటడం నేర్పుతున్నాను. ఈ రెండూ ఒకటి కాదు కాబట్టే మనం ఇంతసేపు కలవలేదు.

లెక్కలమాస్టారు_ఖమ్మం
దాటినవాళ్ళే రేపు ప్యానెల్లో కూర్చుని అదే షీట్ నింపుతారు మేడమ్. నా బాధ అది.

కేవీఎస్_ఆశావహుడు
ప్రశాంతి గారూ, ఇంటర్వ్యూలో భాష గురించి వాళ్ళే అడిగే అవకాశం ఎక్కువ. "నాకు తెలుగులో సులువు" అని చెప్పొద్దు. "పాఠం ఇంగ్లీష్‌లో చెప్తాను. పిల్ల ఆగిపోతే ముందు వస్తువుతో చూపిస్తాను, అప్పటికీ ఆగితే తనకు తెలిసిన భాషలో ఒక ప్రశ్న అడిగి మళ్ళీ ఇంగ్లీష్ మాటకు తీసుకొస్తాను" అనండి. అది బలహీనతలా కాదు, పద్ధతిలా వినిపిస్తుంది.

మిగతా ప్రశ్నలు ఊహించదగ్గవే. హోంవర్క్ చేయని పిల్లాణ్ణి ఏం చేస్తారు అంటే, విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెంటినీ నిషేధించిందని గుర్తుంచుకుని జవాబు చెప్పండి. నిలబెట్టి అవమానించడం కూడా అందులోకే వస్తుంది. ట్యూషన్లు చెప్తారా అంటే 28వ సెక్షన్, టీచర్ ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. 6వ తరగతికి 2024లో ఎన్‌సీఈఆర్‌టీ కొత్త లెక్కల పుస్తకం 'గణిత ప్రకాశ్' వచ్చింది, అందులో భిన్నాల అధ్యాయం ఒకసారి పూర్తిగా చదివి వెళ్ళండి. పాత పుస్తకం పద్ధతి చెప్తే అప్పుడే తెలిసిపోతుంది.

కరీంనగర్_పీజీటీ
జీతం మాట కూడా అడగండి మేడమ్. 12 నెలలదా, ఎండకాలం కోతనా? వారానికి ఎన్ని పీరియడ్లు, వేరే టీచర్ రాకపోతే ఆ పీరియడ్ ఎవరిది, పీఎఫ్ ఉందా? చివర్ల 'ప్రశ్నలున్నాయా' అన్నప్పుడే అడగాలె, ముందే కాదు.

ప్రశాంతి_బీఎడ్
అందరికీ ధన్యవాదాలండి. ఇవాళ స్కూల్‌కు ఫోన్ చేసి అడిగాను. నిజమైన పిల్లలే, 32 మంది. డెమో ఒక్క పీరియడే. భాష గురించి అడిగితే "ఇంగ్లీష్, అవసరమైతే ఒకటి రెండు మాటలు పర్వాలేదు" అన్నారు. పట్టీలు 38 కోస్తున్నాను, 12 సెం.మీ.వే, చుక్కలు పెట్టకుండా. చుక్కలు పిల్లలే స్కేలుతో పెడతారు. త్వరగా అయిపోయిన పిల్లలకు ఏం ఇవ్వాలి?

లెక్కలమాస్టారు_ఖమ్మం
అదే పట్టీ మీద 1/4 + 1/3 ఇవ్వండమ్మా. 3 సెం.మీ., 4 సెం.మీ., మొత్తం 7. ఈసారి 2 సెం.మీ. ముక్కతో కొలత కుదరదు, 1 సెం.మీ. ముక్క కావాలి. అది వాళ్ళే కనుక్కుంటారు, 7/12 వాళ్ళే చెప్తారు. ఏ ముక్కతో కొలవాలో మాత్రం మీరు ముందుగా చెప్పకండి.

నల్లబల్ల
సరే, దీనికి 10 సెం.మీ. పట్టీ పనికిరాదు. 12 పెట్టండి.