సమస్య: "టీవి లేనట్టి యింటిలో టీవి మోగె"

తిరుపతి (నిర్వహణ):

అసాధ్యంగా కనిపించే ఒక పాదం ఇస్తాను, దానికి ముందు మూడు పాదాలు రాసి ఆ మాటను నిజం చేయడమే సమస్యాపూరణం. ఇక్కడ ఎవరి మాటకైనా ముందు వారి ఊరి పేరు ఉంటుంది. ఈ వారం పూరించవలసిన పాదం:

టీవి లేనట్టి యింటిలో టీవి మోగె

ఇది తేటగీతి అనే పద్యం. లఘువుల (పొట్టిగా పలికే అక్షరాల), గురువుల (సాగదీసి లేదా ఊనిక పట్టి పలికే అక్షరాల) చిన్న కూర్పును గణం అంటాం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే ధ్వని పొత్తు. పాదాల రెండో అక్షరాలు కలవాలన్న ప్రాసనియమం లేదు, యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొత్తు) చెల్లుతుంది. ఈ పాదంలో ప్రతి మాటా ఒక గణం కాబట్టి కొత్తగా రాసేవారికి కూడా పట్టు దొరుకుతుంది. మీరు రాయవలసింది పై మూడు పాదాలు.

పాదం నాకు మా వీధే ఇచ్చింది. గోవిందరాజస్వామి గుడికి వెనకవైపు మేడమీద గదిలో ఉంటాను, గదిలో టీవీ లేదు. మొన్న రాత్రి కరెంటు పోయి ముప్పావుగంటకు వచ్చింది. ముందు కింది వాటాలో ఫ్రిజ్ గురగురమంది, తర్వాత ఎదురింటి ఫ్యాను కిర్రుమంది, ఆ వెంటనే నాలుగిళ్ళ టీవీలు ఒక్కసారిగా అందుకున్నాయి. నాలుగింటిలోనూ ఒకటే సీరియల్. ఒకే అత్తగారి మాట నాలుగు దిక్కుల నుంచీ నా గదిలోకి వచ్చి పడింది. అప్పుడే కాగితం తీసుకున్నాను.

ఒక మనవి. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న పాత సమస్యను, పాండవులు విరాటుడి కొలువులో చేరిన సంగతితో తెనాలి రామకృష్ణుడు విప్పాడని చెప్పుకుంటాం. అసాధ్యంగా కనిపించిన మాట వెనుక అంత పెద్ద దుఃఖం దాగి ఉండడం వల్లే ఆ పూరణ ఇన్నాళ్ళు నిలిచింది. దయచేసి "కలలో మోగింది" అని ముగించవద్దు. కలతో ఏ సమస్యనైనా విప్పవచ్చు, అందుకే దాన్ని నేను పూరణగా తీసుకోను.

శ్రీకాళహస్తి:

కురుకులేశుని కోటలో గూరుచుండి
సంజయుడు పోరు సర్వము జక్క దెలుప
యుద్ధరంగమ్ము కన్నుల కొదిగి వచ్చె
టీవి లేనట్టి యింటిలో టీవి మోగె

తిరుపతి:

అన్నా, సంజయుడు తప్పకుండా వస్తాడని అనుకున్నాను, మొదటి పూరణలోనే వచ్చాడు. ధార సాఫీగా ఉంది. "యుద్ధ" లోని యుకారానికి "కొదిగి" లోని ఒకారంతో యతి చక్కగా కుదిరింది. కానీ మూడో పాదం దగ్గర ఆగిపోయాను. వింటున్నది ధృతరాష్ట్రుడు. యుద్ధరంగం ఆయన కన్నులకు ఎలా వస్తుంది? వ్యాసుడు చూపు ఇస్తానంటే, బంధువుల చావును చూడలేనని వద్దన్న మనిషి ఆయన. ఆ చూపు సంజయుడికి దక్కింది. ఆ ఒక్క సంగతిలోనే మీ పద్యానికి కావలసినంత బలం ఉంది. పైగా సమస్యలో ఉన్న క్రియ "మోగె". పూరణ చెవి గుండా నడవాలి. ఇలా మార్చి చూడండి:

యుద్ధరంగమ్ము చెవులలో నొదిగిపోయె

శ్రీకాళహస్తి:

నిజమే. టీవీ అనగానే చూడడం మీదికే మనసు పోయింది. "చెవులలో" అనగానే ముసలి రాజు చెవి ఒగ్గి కూర్చున్నట్టు కనిపిస్తున్నాడు. సవరణ తీసుకుంటున్నాను.

చంద్రగిరి:

గోడ కావలి వారింట గొంతు పెంచి
సీరియల్ పెట్ట నత్తయు జేరి వినగ
కంటి కగపడకున్నను గథ తెలిసెను
టీవి లేనట్టి యింటిలో టీవి మోగె

మేము అద్దెకుండే ఇంటికీ పక్క వాటాకూ మధ్య ఒక్క ఇటుక గోడే ఉంది. మా అత్తగారు ఆ గోడ పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటారు. మనుషుల ముఖాలు తెలియకపోయినా ఎవరు మంచివారో, ఎవరు కుట్ర చేస్తున్నారో గొంతును బట్టి చెప్పేస్తారు. ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు.

పాకాల:

మూడో పాదం చాలా బాగుందక్కా. అది ఈ ఇంటిదే, మరే ఇంటిదీ కాదు.

తిరుపతి:

నాదీ అదే మాట. మొదటి పాదంలో మాత్రం రెండు చిక్కులున్నాయి. "గొంతు పెంచి" అంటే మనుషులు అరిచారనిపిస్తుంది. "వారింట" అన్నాక "పెట్ట" అన్నదానికి కర్త లేడు, టీవీ పెట్టింది ఎవరో తెలియదు. "గోడ కావలి వారలు గోల పెంచి" అంటే రెండూ తీరతాయి. రెండో పాదంలో "సీరియల్" ను పొల్లుతో వాడి "యల్" ను గురువు చేశారు, అది తప్పు కాదు. ఇంట్లో అందరూ అనే మాట పద్యంలోకి వస్తే నాకు సంతోషమే. దానికోసం "ధారావాహిక" అని రాసి పద్యాన్ని బిగదీయనక్కరలేదు.

శ్రీకాళహస్తి:

తిరుపతిలో ఈ సమస్య వేకువజామునే తీరిపోతుంది కదా. 2008లో తిరుమల దేవస్థానం వారి భక్తి చానెల్ ఎస్వీబీసీ వచ్చినప్పటి నుంచి మా చెల్లెలి వీధిలో ఏ ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా సుప్రభాతం మాత్రం అన్ని ఇళ్ళలోనూ వినిపిస్తుంది.

పుత్తూరు:

తేటగీతి రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే చెప్పండి.

ఫోను తెరమీద బంతాట పోరు జరుగ
చెవిలో పెట్టిన తీగను చెల్లి లాగ
నాన్న గురకకు జతగాను నడిమి రేయి
టీవి లేనట్టి యింటిలో టీవి మోగె

తిరుపతి:

తమ్ముడూ, మొదటిసారే మూడు పాదాలు నిలబెట్టావు. రెండో పాదం ఒక్కటే విరిగింది. మీ ఊరి కట్టు పేరు చెబితే చాలు, విరిగిన కాళ్ళు అతుక్కుంటాయని నమ్మే జిల్లా మనది, ఈ పాదం ఎంత? "చెవిలో" అంటే రెండు లఘువులు, ఒక గురువు. అది సగణం, సూర్యగణం కాదు. అక్కడ మూడు లఘువులైనా ఉండాలి, లేదా గురువు, లఘువు ఉండాలి. "చెవికి దగిలించు తీగను జెల్లి లాగ" అంటే సరిపోతుంది. చెల్లెలు తీగ లాగడం మాత్రం ఎవరూ తీసేయకండి, ఆ పద్యానికి ప్రాణం అక్కడుంది.

నా అసలు సందేహం వేరే. నువ్వు ఆడుతున్నది ఫోనులో ఆటా, చూస్తున్నది మ్యాచి ప్రసారమా?

పుత్తూరు:

ఆటే గురువుగారూ. అందులో వ్యాఖ్యానం, జనం ఈలలు అన్నీ నిజం మ్యాచిలాగే వస్తాయి.

తిరుపతి:

అయితే మోగింది టీవీ కాదు. టీవీ లాంటిది మోగింది. సమస్యలోని మాట అక్షరాలా నిజమయ్యే దారి వెతకాలి. నువ్వే ఆలోచించు, నేను చెప్పను.

పాకాల:

ఆటల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మా ఊరి రచ్చబండ రాతిమీద పులిజూదం గీతలు ఇప్పటికీ ఉన్నాయి. 3 పులులు, 15 మేకలు. మధ్యాహ్నమంతా ఆడినా చింతగింజ రాతికి తగిలిన చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. ఇక నా పూరణ:

ఆదివారాన పొరుగింట నవ్వ జూచి
వచ్చి గొంతులు మార్చుచు వల్లె వేయ
హనుమ గర్జించె రావణు డదిరిపడియె
టీవి లేనట్టి యింటిలో టీవి మోగె

చంద్రగిరి:

"పొరుగింట నవ్వ" అని చదివి, ఎవరు నవ్వారా అనుకున్నాను. "పొరుగింటన్, అవ్వ" అని విడదీశాక అర్థమైంది.

తిరుపతి:

ఈ పద్యం నన్ను చిన్నతనానికి తీసుకుపోయింది. దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారం ఉదయాల్లో వచ్చింది. వీధికి ఒకటో రెండో టీవీలుండేవి. చూసినవారు ఇంటికి వచ్చి, చూడలేనివారికి చెప్పేవారు. మీ పద్యంలో "రామాయణం" అన్న మాటే లేదు, అయినా హనుమ గర్జనతో అంతా తెలిసిపోతోంది. చెప్పకుండా వదిలినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి.

ఒక్క మాట మార్చండి. "వల్లె వేయ" అంటే బడిపిల్లల పని. అవ్వ చేసింది అది కాదు, ఆమె హనుమంతుడూ రావణుడూ తానే అయింది. "వచ్చి గొంతులు మార్చుచు వరుస జెప్ప" అనండి.

పాకాల:

మార్చాను. మా అవ్వకు హిందీ ఒక్క ముక్క రాదు. చందమామ కథలు కూడా అలాగే గొంతులు మార్చి చదివేది, బేతాళుడి గొంతు వచ్చినప్పుడు దీపం తగ్గించేది. హిందీ రామాయణం తెలుగులో వినిపించిందంటే ఆ అలవాటు వల్లే.

చిత్తూరు:

మా పెద్దమ్మాయి పదో తరగతి. జూన్‌లోనే టీవీ తీసి మా అన్నయ్య ఇంట్లో పెట్టించాం. చిన్నవాడు ఊరుకోలేదు.

అట్టపెట్టెను గోసి తా నందు దూరి
వాన వార్తలు మావాడు వంగి చదువ
నవ్వి చూచితి మందర మవ్వతోడ
టీవి లేనట్టి యింటిలో టీవి మోగె

శ్రీకాళహస్తి:

అమ్మా, పద్యం ముద్దుగా ఉంది. కానీ పదో తరగతి పేరుతో టీవీ తీసేయడం నాకు నచ్చదు. అమ్మాయి చదువు కోసం చిన్నవాడి ఆటను ఎందుకు ఆపాలి? రాత్రి ఒక గంట అందరూ కలిసి చూస్తే చదువు పాడవుతుందా?

చిత్తూరు:

నేనూ మొదట అలాగే అన్నానన్నా. తీసేయమన్నది అమ్మాయే. వార్తల సంగీతం వినిపిస్తే లెక్క మధ్యలో తప్పుతోందట. తనే అడిగింది కాబట్టి తీసేశాం. ఇప్పుడు అట్టపెట్టె టీవీకి ఆమే వంత పాడుతోంది, "విరామం తరువాత మళ్ళీ" అని.

తిరుపతి:

"వంగి" అన్న మాట చూడండి. పెట్టె చిన్నది, పిల్లవాడు పెరుగుతున్నాడు. రెండూ ఆ రెండక్షరాల్లో ఉన్నాయి. యతి కోసం వచ్చిన మాట యతికే పరిమితం కాకుండా బొమ్మ కట్టింది. మూడో పాదంలో "నవ్వి", "మవ్వ" ప్రాసయతి. ఇక్కడ కూడా మోగింది నిజం టీవీ కాదని తమ్ముడు నన్ను అడగవచ్చు. నా సమాధానం: ఆ పిల్లవాడికి అది టీవీయే, చూసినవారంతా దాన్ని టీవీగానే ఒప్పుకుని ఎదురుగా కూర్చున్నారు. ఫోను ఆటను మీ ఇంట్లో ఎవరూ అలా ఒప్పుకోలేదు.

పుత్తూరు:

ఒప్పుకున్నారు గురువుగారూ! మీరు అన్నాకే గుర్తొచ్చింది. నాన్న లేచి అడిగిన మాటే రాశాను.

ఫోను తెరమీద బంతాట పోరు జరుగ
చెవికి దగిలించు తీగను జెల్లి లాగ
నాన్న నిద్దుర మత్తులో నమ్మి పలికె
"టీవి లేనట్టి యింటిలో టీవి మోగె!"

తిరుపతి:

భేష్ తమ్ముడూ. సమస్యను ఒక మనిషి నోట పెట్టడం పాత దారే. కానీ ఆ దారి నీకు నువ్వుగా దొరికింది. "నమ్మి" అన్న మాటతో నా అభ్యంతరం పూర్తిగా పోయింది.

పలమనేరు:

నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ఏడు గంటల కామెతో నేండ్ల కొలది
చూచినట్టి సీరియలును జూడలేక
దాన మిచ్చితి బెట్టెను, దలపులోన
టీవి లేనట్టి యింటిలో టీవి మోగె

చంద్రగిరి:

మాస్టారూ, చదివి వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

పాకాల:

సీరియళ్ళు చూసేవారిని చిన్నచూపు చూసే మాటలు నేనూ ఎన్నో అన్నాను. పుస్తకమైతే వెనక్కి తిప్పుకోవచ్చు, సీరియల్ కాలాన్ని మింగేస్తుంది అని. పక్కన ఒక మనిషి కూర్చుని ఉంటారన్నది ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

శ్రీకాళహస్తి:

మాస్టారూ, చనువుగా ఒక సందేహం. "తలపులోన" అన్నాక మళ్ళీ "ఇంటిలో" వచ్చింది. మోగింది తలపులోనా, ఇంటిలోనా? "దాన మిచ్చితి బెట్టెను, దదుపరియును" అని మారిస్తే ఎలా ఉంటుంది? గణాలూ యతీ సరిపోతాయి. కారణం చెప్పకుండా పాఠకుడికి వదిలినట్టవుతుంది.

తిరుపతి:

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఉన్నాను. "తదుపరియును" అంటే పద్యం మరింత గట్టిపడుతుంది, అది నిజం. పెట్టె పోయింది, అయినా మోగింది, అంతే. కానీ సమస్యాపూరణంలో విప్పి చూపే బాధ్యత కవిది. కారణం పూర్తిగా దాచితే సమస్య విడినట్టా, మరింత బిగిసినట్టా? కలను నేను ముందే వద్దన్నాను. తలపు కల కాదు. మెలకువతో ఉన్న మనిషికి వచ్చేది తలపు. ఏడు గంటలవుతోందని గోడ గడియారం వైపు చూసే మనిషి ఆయన. "జూడలేక" అన్న మాటలో రెండర్థాలున్నాయి, ఒంటరిగా చూడడానికి మనసు రాలేదని, తట్టుకోలేకపోయానని. ఆ మాట అంత పని చేశాక "తలపు" అదనమా అని నాకూ ఒక క్షణం అనిపించింది. నేను తీర్పు చెప్పను. పద్యం మాస్టారిది.

పలమనేరు:

రెండు పాఠాలూ రాసుకుని పైకి చదివాను. శ్రీకాళహస్తి వారి మాట బిగువుగా ఉంది, కాదనను. మా ఆవిడ పొద్దున కాఫీ ఇస్తూ "రాత్రి మీరు తలపులోకి వచ్చారు" అనేది, పక్కనే పడుకున్న మనిషిని పట్టుకుని. ఆ మాట ఆమెది. ఉంచుతాను.

తిరుపతి:

ఉంచండి మాస్టారూ.