లక్షణాలేవీ లేని అమ్మకు గర్భాశయ ముఖద్వార పరీక్ష అవసరమా?

ప్రశ్న:
మా అమ్మ వయసు 52. ముట్లు ఆగి నాలుగేళ్లయింది, రక్తస్రావం గానీ దుర్వాసనతో కూడిన తెల్లబట్ట గానీ లేవు. గత నెలలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, ఆరోగ్య కేంద్రంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేస్తున్నారని చెబితే, "నాకేం జబ్బు లేదమ్మా, ఈ వయసులో ఆ బల్ల మీద పడుకోవడం నా వల్ల కాదు" అని పంపించేసింది. మా పెద్దమ్మ ఇదే జబ్బుతో పోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే మూడో దశ అన్నారు. ఏ బాధా లేనివారికి ఈ పరీక్ష నిజంగా అవసరమా? అమ్మను ఎలా ఒప్పించాలి?

జవాబు (స్టాఫ్ నర్సు):
ఈ పరీక్ష పెట్టిందే బాధ ఏమీ లేనివారి కోసం. ఈ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ వైరస్ చాలామంది శరీరాల్లోంచి ఏడాది రెండేళ్లలో తనంతట తానే పోతుంది. పోకుండా నిలిచిపోయినవారిలో కణాలు మెల్లగా మారుతూ క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్లకు పైగానే పడుతుంది, ఆ కాలమంతా నొప్పి ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. మా దగ్గరకు ముదిరిన దశలో వచ్చినవారిని చూసినప్పుడల్లా ఈ లెక్కే గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

జవాబు (స్త్రీ వైద్య నిపుణురాలు):
ఒక్క విషయం చేరుస్తాను. ఆరోగ్య కేంద్రాల్లో ఎక్కువగా చేసేది ఎసిటిక్ యాసిడ్ అద్ది, తెల్లబడిన చోటును కంటితో చూసే పరీక్ష. ముట్లు ఆగినవారిలో మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది కనుక అది అంత నమ్మకంగా తేల్చదు. మీ అమ్మగారికి, ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష దొరికితే అదే మేలు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో 1,30,000 మందికి పైగా స్త్రీలతో జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో, ఏ పరీక్షా చేయని ఊళ్లతో పోలిస్తే, ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగమే ఉన్నాయి. ఈ పరీక్షకు యోని నుంచి తీసే నమూనాను స్త్రీలు తమంతట తామే తీసి ఇవ్వవచ్చు, దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆమోదించింది. అయితే ముట్లు ఆగాక ఒక్క చుక్క రక్తం కనబడినా పరీక్షా శిబిరం కోసం ఆగకుండా నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

జవాబు (43 ఏళ్ల గృహిణి):
రెండేళ్ల క్రితం నాకు హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది. అది క్యాన్సర్ కాదని డాక్టరమ్మ ఎంత చెప్పినా వారం రోజులు నిద్ర పట్టలేదు. బంధువులందరూ గర్భసంచి తీయించేసుకోమన్నారు. మన రెండు రాష్ట్రాల్లో అది ఎంత మామూలైపోయిందో మీకు తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ముక్క తీసి పరీక్షించాక, మారిన భాగాన్ని వేడితో మాడ్చి, అదే రోజు సాయంత్రానికి ఇంటికి పంపించేశారు. గర్భసంచి అలాగే ఉంది, ఏడాది తర్వాత చేసిన పరీక్షలో ఏమీ లేదు. మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. నమూనా తానే తీసి ఇవ్వవచ్చన్న దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. ఆ పరీక్ష మా జిల్లా ఆస్పత్రిలో ఉందో లేదో సోమవారం వెళ్లి కనుక్కుంటాను.