ఒక్క దెబ్బా తినని మాస్టారి దగ్గర కరాటే నేర్చుకోవచ్చా?

వేదాయపాళెం నాన్న:
మా అమ్మాయి ఆరో తరగతి. వేసవి సెలవుల నుంచి కరాటే నేర్చుకుంటానని ఒకటే పట్టు. నెల్లూరులో మా ఇంటికి దగ్గర్లో రెండు క్లాసులున్నాయి. మొదటి మాస్టారు కటాలు (ఒంటరిగా వరసగా చేసే కదలికలు), పాయింట్ల కుమితే (దెబ్బను అదుపులో ఉంచి పాయింట్ల కోసం ఇద్దరు తలపడే ఆట) నేర్పుతారు. మూడు నెలలకో గ్రేడింగ్ పరీక్ష, కొత్త బెల్టు, సర్టిఫికెట్. గోడ నిండా కప్పులు. రెండో ఆయనది ఫుల్ కాంటాక్ట్, అంటే దెబ్బ ఆపకుండా ఒంటికి తగిలేలా కొట్టుకునే క్యోకుషిన్ అనే కరాటే పద్ధతి. ఏడాది దాకా బెల్టు ఊసెత్తవద్దని ముందే చెప్పేశారు. అక్కడ పిల్లలు ప్యాడ్లు కట్టుకుని నిజంగానే కొట్టుకుంటున్నారు. తొడ మీద కిక్ తగిలిన ఒక అబ్బాయి కుంటుకుంటూ పక్కకు వచ్చాడు, నీళ్లు తాగాడు, మళ్లీ వెళ్లి నిలబడ్డాడు. నాకు గుండె ఝల్లుమంది. మా అమ్మాయి మాత్రం కళ్లార్పకుండా చూస్తోంది.

మా బావమరిదేమో దెబ్బ తగలనిది డాన్సు అంటాడు. ఆడపిల్ల ముక్కు పగిలితే బాధ్యత ఎవరిదని మా ఆవిడ అడుగుతుంది. ఫుల్ కాంటాక్ట్ ఆడిన మాస్టారికీ ఆడని మాస్టారికీ నిజంగా తేడా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మార్కాపురం పలక:
తేడా ఎందుకు ఉండదు సార్? ఒకరు డబ్బు తీసుకుని బెల్టు ఇస్తారు, ఇంకొకరు డబ్బు తీసుకుని దెబ్బ ఇస్తారు. ఆగస్టు 15న హైస్కూలు గ్రౌండులో పొట్ట మీదుగా మోటారు సైకిలు పోనిచ్చుకునే మాస్టార్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పెంకుల వరస మధ్యలో పుల్లలు పెట్టి సందు ఉంచితే అవి ఒకదాని తర్వాత ఒకటి విరుగుతాయి, అన్నిటినీ ఒక్క దెబ్బకు విరిచే బలం అక్కరలేదు. ఇక పలకలంటారా, మా ఊళ్లో ఒకటో తరగతి పిల్లలే రోజుకొకటి పగలగొడతారు. వాళ్లకెవరూ బ్లాక్ బెల్టు ఇవ్వలేదు.

దర్గామిట్ట పాత విద్యార్థి:
వేదాయపాళెం గారూ, నేను కాలేజీ రోజుల్లో ఫుల్ కాంటాక్ట్ నేర్చుకున్నాను. పోటీల్లో ఆడాను, పెద్దగా గెలిచింది లేదు. మాస్టారు అనదగ్గ మనిషి ఎదురుగా నిలబడి దెబ్బలు తిన్నాను కాబట్టి ఆ మేరకు చెప్పగలను.

ఈ పద్ధతికి మూలపురుషుడు మసుతాత్సు ఒయామా. కొరియాలో పుట్టి జపాన్‌లో స్థిరపడ్డాడు. ఒంటికి తగలకముందే చెయ్యి ఆపేసే పోటీలు ఆయనకు నచ్చలేదు. 1969లో జపాన్‌లో ఎవరైనా పాల్గొనగలిగే మొదటి పోటీ, 1975లో మొదటి ప్రపంచ పోటీ పెట్టాడు. చేతికి గ్లౌజు ఉండదు. పిడికిలితో ముఖాన్ని, మెడను కొట్టకూడదు. కాలితో తలను తన్నవచ్చు. దెబ్బకు కూలి మూడు సెకన్లలో లేవలేకపోతే ఆట ముగిసినట్టే.

చూసేవాళ్లకు ఇదంతా మోటు బలంలా ఉంటుంది. తొడ బయటి వైపు, మోకాలికి జానెడు పైన పడే కిక్ సంగతి చెబుతాను. మొదటిది తగిలితే మంట, అంతే. అదే చోట ఇంకో మూడు పడేసరికి ఆ కాలు ఎవరిదో అన్నట్టు ఉంటుంది, ఆ రాత్రి గోడ పట్టుకుని మెట్లు దిగాలి. ఆ కిక్ మా మాస్టారికి అంత తేలికగా ఎలా దొరుకుతుందో చాలాకాలం నాకు అంతుపట్టలేదు. ఆయన నా కాలి వంక చూసేవారే కాదు. ఛాతీ మీద తేలికగా రెండు పంచ్‌లు వేసేవారు. నేను వెనక్కి తూలకుండా బిగుసుకుని, బరువంతా ముందు కాలి మీదకు తెచ్చేవాణ్ని. బరువు మోస్తున్న కాలిని ఎత్తి అడ్డు పెట్టడం ఎవరి తరమూ కాదు. సరిగ్గా అప్పుడు తన్నేవారు. ఆ పంచ్‌లు నన్ను కొట్టడానికి కావు, నా కాలిని నేలకు కట్టేయడానికి.

కుడి పక్కటెముకల కింద కాలేయం ఉంటుంది. అక్కడ సరైన పంచ్ పడితే ఒక క్షణం ఏమీ తెలియదు. ఇంతేనా అనుకునేలోపు మోకాళ్లు మడతపడతాయి. ఆ దెబ్బను ఆయన మాలో ఎవరికీ పూర్తిగా కొట్టలేదు. పిడికిలిని కచ్చితంగా అక్కడే ఆనించి, పిసరంత లోపలికి నొక్కి, మా కళ్లలోకి చూసి వెనక్కి తగ్గేవారు. కొట్టి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలిసేది. నన్నడిగితే ఫుల్ కాంటాక్ట్ మాస్టారి పనితనమంతా ఆ పిసరంతలోనే ఉంది.

ఇక మనసు సంగతి. దెబ్బ తగిలితే కోపం రావాలి కదా? ఆయనకు రాగా నేను చూడలేదు. ఒకసారి మా సీనియర్ కాలు జారి వేసిన కిక్ ఆయన చెవి మీద పడింది. హాలంతా నిశ్శబ్దం. ఆయన చెవి తడుముకుని, "నా చెయ్యి కిందికి దిగింది చూశారా" అని మాకు చూపించి, ఆ కిక్‌ను మళ్లీ వేయమన్నారు. ఊపిరి తీసేటప్పుడు పొట్ట కండరాలు వదులవుతాయి, వదిలేటప్పుడు బిగుస్తాయి. కోపంలో ఊపిరి లయ తప్పినవాడి పొట్ట ఎప్పుడు వదులవుతుందో ఎదుటివాడికి తెలిసిపోతుంది. కాబట్టి శాంతంగా ఉండడం ఆయనకు సాధుగుణం కాదు, కవచం.

కావలి కటా:
దర్గామిట్ట అన్నా, బాగా రాశారు. కానీ ముఖం మీద పంచ్ లేనిదాన్ని ఫుల్ కాంటాక్ట్ అని ఎలా అంటాం? బజారు తగాదాలో మొదటి దెబ్బ ఎక్కడ పడుతుంది? దవడ మీద. మీవాళ్లు ఛాతీకి ఛాతీ ఆనించి, చేతులు కిందికి దించి, పొట్టలు బాదుకుంటూ ఉంటారు. ఆ దూరంలో నిలబడడం అలవాటైనవాడు బయట ఒక్క పిడిగుద్దుకు పడిపోతాడు. పాయింట్ల కుమితే ఆడినవాడు అసలు ఆ దూరంలోకే రానివ్వడు. దూరం, సమయం, కాలి అడుగు, ఇవే మా చదువు.

కరాటేను 1922లో ఒకినావా నుంచి టోక్యోకు తీసుకువెళ్లిన గిచిన్ ఫునకోషి కరాటేలో ముందుగా దాడి లేదన్నాడు. మీరు మీ మాస్టారిలో మెచ్చుకున్న ఆ నిగ్రహాన్నే మేము నియమంగా పెట్టుకున్నాం. టోక్యో ఒలింపిక్స్‌లో 75 కిలోల పైబడిన వాళ్ల ఫైనల్ గుర్తుందా? సౌదీ ఆటగాడు తారెగ్ హమెదీ 4–1తో ముందున్నాడు. తల మీద కిక్ వేశాడు, ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. మితిమీరి కొట్టినందుకు హమెదీని అనర్హుడిగా తేల్చి, స్ట్రెచర్ మీద వెళ్లిన మనిషికి స్వర్ణం ఇచ్చారు. నవ్వినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ తీర్పు సరైనదే. ఆపగలిగిన చోట ఆపలేకపోతే విద్య రానట్టే.

దర్గామిట్ట పాత విద్యార్థి:
ముఖం సంగతి ఒప్పుకుంటాను తమ్ముడూ, అది మా పద్ధతిలో పెద్ద లోటే. గ్లౌజులు వేసుకుని ముఖాన్ని కొట్టడం విడిగా నేర్చుకోకపోతే చేతులు కిందికి దిగిపోతాయి. కానీ ఆ ఫైనల్ నీ వాదానికి ఎలా పనికొస్తుంది? ఎన్నో ఏళ్లు ఆపడమే సాధన చేసినవాడు అతి పెద్ద రోజున ఆపలేకపోయాడు. గాలిలో ఆపడం వేరు, ఒంటికి ఎంత బరువు దిగితే ఏమవుతుందో తెలిసి ఆపడం వేరు. ఉప్పు వేయడం చేతికి రావాలంటే ఎప్పుడో ఒకసారి కూర రుచి చూసి ఉండాలి.

ఒంగోలు గిత్త:
అందరూ ఒయామా అంటున్నారు, ఎద్దుల కథ ఎవరూ ఎత్తడం లేదు! ఉత్త చేతులతో 52 ఎద్దుల మీదికి వెళ్లాడని, మూడింటిని చంపాడని, మిగతావాటిలో చాలావాటి కొమ్ములు విరిచాడని ఆయన శిష్యులు చెప్పుకుంటారు. కొండల్లో ఒంటరిగా సాధన చేసేటప్పుడు ఊళ్లోకి రావాలనిపించకుండా ఒక కనుబొమ్మ గొరిగేసుకున్నాడని ఇంకో కథ. కనుబొమ్మ నమ్ముతాను. ఎద్దుల విషయంలో మాత్రం, మా సంక్రాంతి బండలాగుడు పందేలకు ఒకసారి వచ్చి, అయిదారు వందల కిలోల గిత్త మూపురం ఊపుతూ వచ్చేటప్పుడు పక్కన నిలబడి చూడమనండి. అయినా నోరులేని జీవం కొమ్ము విరిస్తే ఎవరికి గొప్ప?

ఒంగోలు ఫిజియో:
మోకాళ్లు, భుజాలు పట్టుకుని మా దగ్గరికి వచ్చే కరాటే పిల్లలను చూస్తుంటాను కాబట్టి నాలుగు మాటలు.

సీసాలతో, కర్రలతో కాలి ముందు ఎముకను కొట్టుకుంటే గట్టిపడుతుందన్నది నాటు నమ్మకం. ఎముక మీద భారం కొంచెం కొంచెంగా, నెలల తరబడి పెరిగితే అది దిట్టమవుతుంది, ఇది నిజమే. బరువైన బ్యాగును తన్నడం వల్ల, పరుగు వల్ల ఆ పని జరుగుతుంది. సీసాతో వచ్చేది వాపు. పిల్లల ఎముకల చివర్లలో పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. అమ్మాయిలకు దాదాపు పద్నాలుగు, పదిహేనేళ్ల దాకా, అబ్బాయిలకు ఇంకో రెండేళ్ల దాకా అంతే. అక్కడ దెబ్బ తగిలితే ఆ ఎముక పెరుగుదలే వంకర పోవచ్చు.

ఛాతీ మీద దెబ్బ ఇంకా జాగ్రత్త. పిల్లల ఛాతీ గోడ పలచన. గుండె కొట్టుకునే లయలో ఒక సన్నని క్షణం ఉంటుంది, సరిగ్గా అప్పుడు దెబ్బ పడితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. చాలా అరుదు, కానీ జరుగుతుంది. అలా కూలినవాళ్లకు వెంటనే ఛాతీ నొక్కడం తెలిసిన మనిషి హాల్లో ఉండాలి. తల సంగతి చెప్పనే అక్కరలేదు. పిల్లలకు బాక్సింగ్ వద్దని అమెరికా, కెనడా పిల్లల వైద్యుల సంఘాలు 2011లోనే చెప్పాయి. తల మీద కిక్‌కు వేరే న్యాయం ఏముంటుంది?

పెద్దవాళ్ల వీరత్వం గురించీ ఒక మాట. క్యోకుషిన్‌లో ఒకే రోజు వరసగా నూరుమందితో తలపడే పరీక్ష ఉంది. 1965లో స్టీవ్ ఆర్నీల్, 1995లో బ్రెజిల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో ఫిల్హో, ఇలా కొద్దిమందే పూర్తి చేశారు. అన్ని దెబ్బలకు నలిగిన కండరం రక్తంలోకి వదిలే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దండ వేయాల్సిన చోట సెలైన్ పెట్టాల్సి వస్తుంది. దాన్ని మెచ్చుకోండి, పిల్లలకు ఆదర్శంగా మాత్రం చూపించకండి.

కందుకూరు టీచరమ్మ:
ఫిజియో గారు చెప్పినవన్నీ పాటించాల్సినవే. కానీ ఆడపిల్లల వైపు నుంచి ఒకటి చెప్పాలి. ప్రభుత్వ పాఠశాలల్లో రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ కింద మూడు నెలల పాటు కరాటే నేర్పుతారు. మా పిల్లలు వరసల్లో నిలబడి గాలిలో పంచ్‌లు వేస్తుంటే ముచ్చటగా ఉండేది. ఒకరోజు మాస్టారు ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి మణికట్టు పట్టుకుని విడిపించుకోమన్నారు. వరసలో అందరికంటే బాగా చేసే పిల్ల. బిత్తరపోయి, నవ్వి, అలాగే నిలబడిపోయింది. పంచ్ రాక కాదు. ఎదురుగా మనిషి ఉండేసరికి చెయ్యి లేవలేదు.

తర్వాత ఆయన ఎక్కడి నుంచో ప్యాడ్లు తెచ్చారు. ప్యాడ్ మీద గట్టిగా తగిలిన ప్రతిసారీ ఆ పిల్ల "సారీ సార్" అనేది! ఆ సారీ మానడానికే చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత ఆయన ప్యాడ్‌తోనే భుజం మీద చిన్నగా తోసేవారు. తోపు తిని, నిలదొక్కుకుని, తిరిగి కొట్టడం మొదలుపెట్టింది. ఎముకలు విరగాలని నేను అనడం లేదు. కానీ ఒంటి మీద ఎవరి చెయ్యీ పడకుండా నేర్చిన విద్య ఆ ఒక్క క్షణంలో అక్కరకు రాదు. ముక్కు పగులుతుందని భయపడే తల్లికి నా మాట చెప్పండి.

మార్కాపురం పలక:
టీచర్ గారూ, మీ మాస్టారు మంచివారు కాబట్టి ప్యాడ్ తెచ్చారు. కోపం కవచం దాటని మాస్టారి కథ పైన చదివాను. నేను చూసినవాడు వేరు, ఊరి పేరు చెప్పను. పోటీల్లో బాగా ఆడినవాడే. పిల్లవాడు కటా తప్పితే బెల్టుతో కొట్టేవాడు, ఇంట్లో చెబితే ఇంకో నాలుగు. నల్ల బెల్టు నడుముకు ఉంటుంది, నాలుకకూ చేతికీ ఉండదు. దెబ్బలు తిన్న ప్రతివాడూ శాంతమూర్తి అవుతాడంటే నేను నమ్మను. కొంతమంది తిన్నదంతా పిల్లల మీద వసూలు చేసుకుంటారు.

దర్గామిట్ట పాత విద్యార్థి:
పలక గారి మాట కొట్టిపారేయలేను, అలాంటివాళ్లు మా పద్ధతిలోనే ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ హింసకు క్రమశిక్షణ అని పేరు పెట్టడం సులువు.

వేదాయపాళెం గారూ, ఆ రెండో మాస్టారు ఎన్ని కప్పులు గెలిచారో వదిలేయండి. ఒక సాయంత్రం మూల కూర్చుని, ఆయన క్లాసులో అందరికంటే బక్క పిల్లవాడితో స్పారింగ్ (తలపడి సాధన) చేసేటప్పుడు చూడండి. మంచి మాస్టారు ఆ పిల్లవాడు తట్టుకోగలిగిన దానికంటే ఒక్క వాసి ఎక్కువ బరువు వేస్తారు, పిల్లవాడి ముఖం చూసి వెంటనే తగ్గిస్తారు. రెండు మూడు దెబ్బలు కావాలని తిని, వాడికి తగిలిందన్న నమ్మకం ఇస్తారు. క్లాసు అయ్యాక పిల్లలు ఆయన చుట్టూ చేరుతున్నారా, చెప్పులు వేసుకుని పారిపోతున్నారా అదీ చూడండి.

ఇంకొకటి. క్యోకుషిన్ అన్న బోర్డు ఒక్కటే చూసి నమ్మవద్దు. 1994లో ఒయామా పోయాక సంస్థ చీలి అనేక ముక్కలైంది. ఆ మాస్టారికి బెల్టు ఎవరిచ్చారు, ఏ ముక్క, ఇక్కడి బెల్టు ఇంకెక్కడ చెల్లుతుంది, మొహమాటం లేకుండా అడగండి.

కావలి కటా:
ఈ బక్క పిల్లవాడి పరీక్ష పాయింట్ల మాస్టారికీ పెట్టండి. మా క్లాసులో కూడా నెగ్గుతారు, నెగ్గనివాళ్లూ ఉన్నారు. తేడా పద్ధతిది కాదు అన్నా, మనిషిది.

దర్గామిట్ట పాత విద్యార్థి:
సగం మనిషిది, సగం పద్ధతిది. మీ క్లాసులో మంచివాడు కాని మాస్టారు బయటపడడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. మా క్లాసులో ఇరవై నిమిషాలు చాలు.

వేదాయపాళెం నాన్న:
అందరికీ ధన్యవాదాలు. రెండో క్లాసుకు మళ్లీ వెళ్లి ఫిజియో గారు చెప్పినవన్నీ అడిగాను. ఆయన నొచ్చుకోలేదు, అదే నాకు నచ్చింది. పిల్లలకు ఛాతీ గార్డు తప్పనిసరి అట, తల మీద కిక్ పదహారేళ్లు నిండేదాకా లేదట. ఛాతీ నొక్కడం వచ్చా అంటే, వచ్చు కానీ నేర్చుకుని చాలాకాలమైంది, మళ్లీ నేర్చుకుంటానన్నారు. మా ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. టీచర్ గారి మాట చదివి వినిపిస్తే, మొదటి నెల తానూ వచ్చి కూర్చుంటానంది. హెల్మెట్ మాత్రం మమ్మల్నే కొనుక్కోమన్నారు. మంచిది కొంటే తలకు దిగులుండదు కదా?

ఒంగోలు ఫిజియో:
దిగులు ఉంటుంది. హెల్మెట్ చర్మాన్ని, చెవులను కాపాడుతుంది, లోపల మెదడు అదిరితే ఆపలేదు. కొనండి, కానీ ముందు పళ్లకు మౌత్ గార్డు కొనండి. వేడినీళ్లలో ముంచి పళ్లకు ఒత్తుకునే రకం చాలు. ఆరో తరగతి అంటే పాల పళ్లు ఇంకా ఊడుతుంటాయి, కాబట్టి ఖరీదైనదానికి పోకండి. కొన్ని నెలలకే మార్చాల్సి వస్తుంది.