అప్‌డేట్: 'వన్ ఆఫ్ ది లార్జెస్ట్' ప్రశ్నకు జవాబు తేలింది

'నాగార్జునసాగర్ ఈజ్ వన్ ఆఫ్ ది లార్జెస్ట్ మేసనరీ డ్యామ్స్ ఇన్ ది వరల్డ్' అనే వాక్యాన్ని కంపారిటివ్ డిగ్రీలోకి ('లార్జర్ ద్యాన్' లాంటి, పోల్చి చెప్పే రూపంలోకి) మార్చమన్న మోడల్ పేపర్ ప్రశ్నలో, 'ద్యాన్ ఎనీ అదర్' ఉన్న ఆప్షన్‌ను ఆన్సర్ కీ ఎందుకు తప్పంటోందని ఇక్కడ అడిగాను. స్పందించిన వారందరికీ కృతజ్ఞతలు.

'వన్ ఆఫ్ ది' ఉందో లేదో ముందు చూడమన్న సలహాయే పనికొచ్చింది. నల్లగొండలో మాకు తెలిసిన ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు కూడా అదే చెప్పారు. ఆ మాటలున్నప్పుడు సాగర్ పెద్దవాటిలో ఒకటి మాత్రమే అవుతుంది గనుక, దానికి సమానమైనవో దానిని మించినవో ఉండే వీలు మిగిలేలా 'లార్జర్ ద్యాన్ మోస్ట్ అదర్ మేసనరీ డ్యామ్స్' అని రాయాలి. పాజిటివ్ డిగ్రీలోనైతే ('యాజ్ లార్జ్ యాజ్' లాంటి రూపంలో) 'వెరీ ఫ్యూ మేసనరీ డ్యామ్స్ ఇన్ ది వరల్డ్ ఆర్ యాజ్ లార్జ్ యాజ్ నాగార్జునసాగర్' అవుతుంది. ఒట్టి 'ది లార్జెస్ట్' అని ఉంటేనే 'ద్యాన్ ఎనీ అదర్' కుదురుతుంది, అప్పుడు దాని తరువాతి నామవాచకం ఏకవచనంలో ఉండాలి.

కీలో అచ్చుతప్పు ఉందన్న అనుమానం నిలవలేదు. పదంలోని సిలబుల్స్ (పలికే భాగాలు) లెక్కపెట్టి 'మోర్' వాడాలా వద్దా అన్న చర్చకూ ఇక్కడ పని లేదు, ఆప్షన్లన్నింటిలోనూ 'లార్జర్' అనే ఉంది. 'సీనియర్', 'సుపీరియర్'ల తరువాత 'ద్యాన్' కాక 'టు' రావాలన్న సూచన మాత్రం అదే పేపర్‌లోని మరో ప్రశ్నకు అక్కరకొచ్చింది.