డ్యూరంట్ నిజంగా మెత్తనోడేనా? 2016, 2019 నిర్ణయాల సంగతేంటి?

కార్నర్_త్రీ:
ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాడు కెవిన్ డ్యూరంట్ పేరెత్తితే చాలు, "మెత్తనోడు, ఓడించినోళ్ళ పంచనే చేరాడు" అంటారు. 2016లో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో అతని టీమ్ ఓక్లహోమా సిటీ, గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద 3-1తో ముందుండి 4-3తో ఓడింది. జూలై 4న డ్యూరంట్ అదే వారియర్స్‌కి వెళ్తున్నానని ప్రకటించాడు. అంతవరకు అందరికీ తెలుసు. నాకు అర్థం కానివి మూడు. ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన వారియర్స్ దగ్గర ఇంత పెద్ద ఆటగాడికి జీతం ఇచ్చే ఖాళీ ఎక్కడిది? 2019లో పిక్క గాయం నుంచి లేచొచ్చి ఫైనల్స్ ఆడినవాడిని మెత్తనోడని ఎలా అంటారు? 2019లో బ్రూక్లిన్‌కి, ఆ తర్వాత ఫీనిక్స్, హ్యూస్టన్‌లకి మారడం కూడా ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం అయిపోయాక నచ్చిన టీమ్‌లో చేరడం) కిందకే వస్తాయా? తిట్లొద్దు, లెక్కలు చెప్పండి.

క్యాప్_కరణం:
ఆ ఖాళీ టీవీ డబ్బులోంచి వచ్చింది. ఈఎస్‌పీఎన్, టర్నర్‌లతో లీగ్ కుదుర్చుకున్న 9 ఏళ్ళ, 2,400 కోట్ల డాలర్ల ఒప్పందం 2016-17లో మొదలైంది. జీతాల పరిమితి, అంటే ఒక టీమ్ మొత్తం జీతాలకి లీగ్ పెట్టే హద్దు, లీగ్ ఆదాయాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక్క ఏడాదిలో 7 కోట్ల డాలర్ల నుంచి 9.41 కోట్లకి ఎగిరింది. కొన్నేళ్ళ మీద మెల్లగా పెంచుదామని లీగ్ అడిగితే ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు.

ఇక వారియర్స్ పద్దు చూడు. కర్రీ 1.21 కోట్లు, క్లే థాంప్సన్ 1.67, డ్రేమండ్ గ్రీన్ 1.53, ఇగ్వొడాలా 1.11, లివింగ్‌స్టన్ 0.58. మొత్తం 6.10 కోట్లు. డ్యూరంట్‌కి మొదటి ఏడాది 2.65 కోట్లు. కలిపితే 8.75. కుర్రాళ్ళ చిన్న జీతాలు వేసుకున్నా 9.41 లోపే సర్దుకుంటుంది. ఈ పద్దులో అసలు కిటుకు కర్రీ జీతమే. చీలమండ గాయాలతో సతమతమవుతున్న రోజుల్లో, 2012లో, నాలుగేళ్ళకి 4.4 కోట్లకే సంతకం పెట్టేశాడు. 2016-17లోనూ అదే నడుస్తోంది.

సెంటర్ బోగట్ జీతం 1.10 కోట్లు. అతను ఉంటే పరిమితి దాటిపోతుంది, అందుకే డాలస్‌కి పంపేశారు. ఒప్పందం అయిపోయిన హారిసన్ బార్న్స్‌తో మళ్ళీ సంతకం పెట్టించుకునే హక్కులూ వదులుకున్నారు. హక్కు అట్టిపెట్టుకుంటే, సంతకం కాకపోయినా అతని పేరు మీద కొంత మొత్తం పద్దులో కూర్చుంటుంది, దాన్నే క్యాప్ హోల్డ్ అంటారు. పాత 7 కోట్ల పరిమితే ఉండుంటే ఆ ఐదుగురు పోగా మిగిలేది 90 లక్షలు. డ్యూరంట్ మాటే ఎత్తేవాళ్ళు కాదు.

బేస్‌లైన్_బాబాయ్:
కరణం గారి పద్దు సరే. వారియర్స్ ఎలా తీసుకోగలిగిందో చెప్పింది. అతను వెళ్ళడం సబబా కాదా అన్నది వేరే సంగతి.

ఆరో మ్యాచ్ మళ్ళీ ఒకసారి చూడండి. సొంత మైదానం, ఐదు నిమిషాల ఆట మిగిలుంది, ఓక్లహోమా 96-89తో ముందుంది. అక్కడి నుంచి వారియర్స్ 19, వీళ్ళు 5. క్లే ఆ రోజు 11 త్రీలు (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) కొట్టాడు, ఒప్పుకుంటా, పూనకం వచ్చినవాడిని ఎవడూ ఆపలేడు. కానీ డ్యూరంట్ 31 షాట్లు వేస్తే పడ్డవి 10. చివర్లో బంతి చేతులు మారడమే మానేసింది. ఒకసారి సహచరుడు వెస్ట్‌బ్రూక్, ఒకసారి డ్యూరంట్, మిగతా ముగ్గురూ ప్రేక్షకులు. అది ఆట తీరులో ఉన్న లోపం, బాగుచేసుకోవచ్చు. యాజమాన్యం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు, అతని ప్రకటనకి పదకొండు రోజుల ముందే ఇబాకాని ఇచ్చి ఒలడిపోని తెచ్చింది.

డబ్బు వైపు నుంచి చూసినా దారి మూసుకుపోలేదు. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళ సర్వీసు, గరిష్ఠ జీతం పరిమితిలో 30 శాతం. రెండో ఏడాది వదిలేసే వీలుతో ఓక్లహోమాలోనే సంతకం పెట్టి, 2017లో పదేళ్ళు నిండాక 35 శాతం మీద మళ్ళీ ఆలోచించుకోవచ్చు. అందరూ అదే చేస్తాడనుకున్నారు. మెత్తనోడు అనను. 2017 ఫైనల్స్‌లో సగటున 35.2 పాయింట్లు చేసినవాడిని అలా అనడం అన్యాయం. పోటీని పలచన చేశాడు అంటాను, ఆ మాట వెనక్కి తీసుకోను.

ఫిజియో_సీతమ్మధార:
రెండో ప్రశ్నకి నేను చెప్తా. ఆ ముద్ర 2007 నుంచీ ఉంది. డ్రాఫ్ట్ (టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) ముందు పరీక్షల్లో 185 పౌండ్ల బార్‌ని, అంటే దాదాపు 84 కిలోలు, బెంచ్ ప్రెస్‌లో ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. అంత పొడవు చేతులున్నవాడికి ఆ పరీక్షే కష్టం, పైగా బాస్కెట్‌బాల్‌కి దానితో పెద్ద పని లేదు.

2019కి వద్దాం. మే 8న హ్యూస్టన్ మీద కుడి పిక్క పట్టేసింది. 9 మ్యాచ్‌లు ఆడలేదు. జూన్ 10న టొరంటోలో ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో దిగి 12 నిమిషాల్లో 11 పాయింట్లు, మూడు త్రీలు వేస్తే మూడూ పడ్డాయి. రెండో క్వార్టర్‌లో, అప్పటికి టొరంటోకి ఆడుతున్న ఇబాకాని దాటబోతూ కుడికాలు నేలకి తన్నిపెట్టాడు, మడమ పైనుండే అకిలిస్ టెండన్ తెగింది.

పిక్కలో ముఖ్యమైనవి రెండు కండరాలు, పైన గాస్ట్రోక్నీమియస్, దాని కింద సోలియస్. రెండూ కలిసి అకిలిస్ టెండన్‌గా మారి మడమ ఎముకకి అతుక్కుంటాయి. కండరం పూర్తిగా మానకముందే పని చెబితే టెండన్ మీద బరువు పడే తీరు మారుతుంది. నడక, పరుగు, నిలబడి షూటింగ్ ఇవన్నీ హాయిగా సాగుతాయి. తేడా కొట్టేది ఒక్కచోటే: కాలు వెనక్కి వేసి, మడమ ఇంకా కిందే ఉండగా, మోకాలు చాచి ముందుకు దూకే మొదటి అడుగు. అప్పుడు టెండన్ సాగుతూనే లాగాల్సి వస్తుంది. అందుకే పిక్క గాయం తర్వాత షూటింగ్ చూసి మురిసిపోకూడదు. ఒంటికాలి మీద మడమ ఎత్తడం రెండో కాలితో సమానంగా వస్తోందా, ఒంటికాలి గెంతుల్లో దూరం తగ్గిందా, ఒక్కసారిగా ఆగి మళ్ళీ దూకగలడా, ఈ వరసలో చూడాలి. ఆ పిక్క వల్లే ఇది తెగిందని బయటి నుంచి ఎవరూ తేల్చలేరు. ఆ రాత్రి వారియర్స్ బాస్కెట్‌బాల్ వ్యవహారాల పెద్ద బాబ్ మైయర్స్ మాత్రం, ఎవరినైనా అనాలంటే నన్నే అనండి అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

2019-20 మొత్తం ఆడలేదు. తర్వాతి సీజన్ ప్లేఆఫ్స్‌లో బ్రూక్లిన్ తరఫున మిల్వాకీ మీద ఐదో మ్యాచ్‌లో 48 నిమిషాలూ బయటికి రాకుండా 49 పాయింట్లు, 17 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లు. ఏడో మ్యాచ్‌లో ఓవర్‌టైమ్‌తో కలిపి 53 నిమిషాలు, 48 పాయింట్లు. అకిలిస్ ఆపరేషన్ అయిన 32 ఏళ్ళవాడు! ఇంకేం కావాలి?

బేస్‌లైన్_బాబాయ్:
ఆ ఏడో మ్యాచ్‌లో షూ ముందు భాగం గీత మీద పడకపోయి ఉంటే అది త్రీ, మిల్వాకీ ఇంటికి. రెండే ఇచ్చారు, 109-109, ఓవర్‌టైమ్‌లో పోయింది. ఒంటి గట్టిదనం మీద నాకెప్పుడూ పేచీ లేదు డాక్టర్ గారూ.

కార్నర్_త్రీ:
థాంక్స్. మరి 2017లో జీతం తగ్గించుకున్నాడంటారు, అది నిజమేనా? మూడో ప్రశ్న కూడా మిగిలిపోయింది.

క్యాప్_కరణం:
నిజమే, అయితే చాలామంది కారణం తప్పు చెప్తారు. గరిష్ఠం దాదాపు 3.47 కోట్లు. అది ఇవ్వాలంటే పరిమితి లోపల ఖాళీ చేయాలి, ఇగ్వొడాలా, లివింగ్‌స్టన్ మీద హక్కులు వదలాలి. వారియర్స్‌తో ఒక్క ఏడాదే ఆడాడు కాబట్టి ఖాళీ లేకుండా ఇవ్వగలిగింది పాత జీతానికి 120 శాతం, అంటే 3.18 కోట్లు. ఆ ఇద్దరూ ఉండటానికి అక్కడిదాకా తగ్గితే చాలు. అతను 2.5 కోట్లకి దిగాడు. ఆ మిగతా 68 లక్షలు యాజమాన్యం కట్టాల్సిన లగ్జరీ ట్యాక్స్ (జీతాలు ఒక గీత దాటితే లీగ్‌కి కట్టే పన్ను) భారం తగ్గించాయి. ఓనర్ జేబుకి అంత ఉదారత దేనికో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

2019లో వారియర్స్ ఐదేళ్ళకి 22.1 కోట్ల దాకా ఇవ్వగలదు. అతను ఎంచుకున్న బ్రూక్లిన్‌లో నాలుగేళ్ళకి 16.4 కోట్లు. తెగిన అకిలిస్‌తో ఉన్నవాడు ఐదో ఏడాది హామీని వదులుకున్నాడు. మెత్తనోడు చేసే పనైతే కాదు. బ్రూక్లిన్ నుంచి డీఏంజెలో రసెల్‌ని వారియర్స్‌కి పంపి, దాన్ని సైన్ అండ్ ట్రేడ్‌గా (కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టించి ఆటగాళ్ళని మార్చుకోవడం) మార్చారు. దాంతో ఖర్చు మీద 13.89 కోట్ల దగ్గర దాటరాని గీత పడి, వారియర్స్ డ్రాఫ్ట్‌లో తన ఒక ఫస్ట్ రౌండ్ పిక్ (మొదటి రౌండ్‌లో ఎంచుకునే అవకాశం) ఎదురిచ్చి మరీ ఇగ్వొడాలాని మెంఫిస్‌కి వదిలించుకుంది.

ఫ్రీ ఏజెంట్‌గా టీమ్ మారింది ఆ రెండుసార్లే. ఫీనిక్స్ (2023), హ్యూస్టన్ (2025) రెండూ ట్రేడ్‌లు. 2021లో నాలుగేళ్ళ పొడిగింపు మీద సంతకం పెట్టి, అది మొదలుకాకముందే 2022 జూన్ 30న ట్రేడ్ అడిగాడు. విమర్శించాలంటే 2016 కన్నా అది విమర్శించండి. 2016లో ఒప్పందం అయిపోయింది, వెళ్ళే హక్కు ఉంది.

ఇప్పుడు అలాంటిది జరగడం కష్టం. 2016లో పరిమితి ఒక్కసారే 34 శాతం పైన పెరిగింది. లీగ్, ఆటగాళ్ళ సంఘం 2023లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏడాదికి 10 శాతం మించి పెరగదు.