లండన్‌లో భూస్వామి, ఊళ్లో స్టీవార్డు: 1704–1713 ఉత్తరాల్లో తేదీలూ అంకెలూ కుదరడం లేదు

ప్రశ్న: పాతకట్ట (ఈ పేరూ, కింద జవాబుల పక్కన ఉన్నవీ రాసినవాళ్ల మారుపేర్లు)

ఇంగ్లండులో ఒక ఎస్టేటు యజమాని ఏడాదిలో ఎక్కువ కాలం లండన్‌లో ఉంటాడు. ఊళ్లో వ్యవహారాలన్నీ స్టీవార్డు చూస్తాడు, మన జమీందారీల్లో దివాను లాగా. వీళ్లిద్దరి మధ్య 1704 నుంచి 1713 దాకా నడిచిన ఉత్తరాల స్కాన్లను వరసగా పేర్చి సాఫు ప్రతి తయారు చేయాలి. నాలుగు చోట్ల ఆగిపోయింది.

ఒకటి: గడ్డకట్టే చలికి గొర్రెలు చస్తున్నాయని స్టీవార్డు 1708 డిసెంబరు 28న రాశాడు. దానికి యజమాని ఇచ్చిన జవాబు మీద 1708 ఫిబ్రవరి 8 అని ఉంది. జవాబు పది నెలలు ముందే ఎలా వచ్చింది?

రెండు: ఉత్తరాల బయటివైపు పెద్ద అక్షరంతో 2 అనో 4 అనో ఉంది. చివరి ఏళ్లలో 3, 6 కనిపిస్తున్నాయి. వరస నంబర్లు అనుకుంటే లెక్క కుదరదు. పక్కనే చిన్న గుండ్రటి ముద్ర, అందులో నెలా రోజూ ఉన్నాయి, ఏడాది లేదు.

మూడు: ఒక రైతు ఏడాది కౌలు 40 పౌండ్లు. 1709లో అర్ధ సంవత్సరపు కిస్తీ 20 రావాలి. 16 పౌండ్ల 10 షిల్లింగులే (పౌండుకు 20 షిల్లింగులు) జమ పడింది, బకాయి మాత్రం చూపలేదు.

నాలుగు: కొన్ని ఉత్తరాలకు చిరునామా అసలు లేదు. మరికొన్నిట్లో మూడో పేజీ అంచున చిల్లు పడి మాటలు పోయాయి.

జవాబు: పంచాంగం

మొదటిది తేలిక. అప్పటి ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. దాన్ని లేడీ డే అనేవాళ్లు. కాబట్టి 1708 డిసెంబరు తర్వాత వచ్చిన జనవరి, ఫిబ్రవరి కూడా 1708లోవే. మీ ఫిబ్రవరి 8 మన లెక్కకు 1709. చాలామంది గందరగోళం రాకుండా 1708/9 అని రెండు ఏళ్లూ రాసేవాళ్లు, మీ యజమాని రాయలేదు, అంతే.

అయితే జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న ప్రతి ఉత్తరానికీ గుడ్డిగా ఒకటి కలపకండి. పంచాంగాలు జనవరి 1తోనే మొదలయ్యేవి, కొందరు రాసేటప్పుడూ అలాగే వాడారు. ఒకే మనిషి రెండు పద్ధతులూ కలిపేసిన సందర్భాలు ఉంటాయి. ఆ తేదీ ఏ వారమో చూసి తేల్చాలి. లండన్ నుంచి ఊళ్లకు టపా బయల్దేరేది మంగళ, గురు, శనివారాల రాత్రి. ఊళ్ల నుంచి లండన్‌కు సోమ, బుధ, శుక్రవారాల్లో చేరేది. అందుకే లండన్ ఉత్తరాల తేదీలు ఎక్కువగా ఆ మూడు రోజుల మీదే పడతాయి. 1709 ఫిబ్రవరి 8 మంగళవారం. అదే తేదీ 1708లో అయితే ఆదివారం. మీ జవాబు ఏ ఏటిదో ఇక్కడే తేలిపోయింది.

వారం లెక్కకు ఆన్‌లైన్ క్యాలెండర్ వాడేముందు అది జూలియన్ లెక్కే, అంటే పాత క్యాలెండరే, చూపిస్తోందో లేదో పరీక్షించండి. ఇంగ్లండులో 1752 సెప్టెంబరు దాకా పాత లెక్కే నడిచింది, 1700 నుంచి యూరప్ కొత్త లెక్కకు 11 రోజులు వెనక. పరీక్షకు మంచి తేదీ 1703 నవంబరు 26, మహా తుఫాను మొదలైన రాత్రి. అది శుక్రవారం. మీ సాధనం సోమవారం అంటే గ్రెగోరియన్ లెక్క, అంటే కొత్తది, చూపిస్తోందని అర్థం.

చలి సంగతి కూడా ఇలాంటిదే. ఫ్రాన్సు పుస్తకాలు ఆ మహా శీతం 1709 జనవరి 5 రాత్రి విరుచుకుపడిందంటాయి. ఇంగ్లండు లెక్కలో అది 1708 డిసెంబరు 25. మీ స్టీవార్డు మూడు రోజుల తర్వాత రాస్తున్నాడు. ఆ కట్టలో తర్వాతి ఏడాది గోధుమ ధరల గురించిన మాటలు కూడా వెతకండి, తప్పకుండా ఉంటాయి.

జవాబు: లక్కముద్ర

ఆ అంకెలు టపా ఖర్చు. ఉత్తరం అందుకున్నవాడే డబ్బు కట్టాలి కాబట్టి ఎంత వసూలు చేయాలో టపా గుమాస్తా చిరునామా వైపు కలంతో వేసేవాడు. 80 మైళ్ల లోపు ఒక్క కాగితానికి 2 పెన్నీలు, దాటితే 3. 1711 జూన్ 1 నుంచి అవి 3, 4 అయ్యాయి. రెండు కాగితాలుంటే రెట్టింపు. మీ దగ్గర 2, 4 పోయి 3, 6 రావడం అందుకే. మీ ఎస్టేటు టపా లెక్కలో లండన్‌కు 80 మైళ్ల లోపే ఉందని కూడా దీన్నిబట్టి చెప్పొచ్చు. ఏడాది లేని ఉత్తరాలను 1711కు ముందూ వెనకా విడదీయడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ఒక్క జాగ్రత్త: 3 ఒక్కటే ఉంటే 1711 తర్వాతది కావచ్చు, అంతకుముందు 80 మైళ్లు దాటి వచ్చినదీ కావచ్చు. రాసిన చోటు చూశాకే నిర్ణయించండి.

గుండ్రటి ముద్రను బిషప్ ముద్ర అంటారు. టపా శాఖ అధిపతి హెన్రీ బిషప్ 1661లో పెట్టించాడు, టపా వాళ్లు ఉత్తరాన్ని ఆపి ఉంచుకోకుండా. నెలకు రెండు అక్షరాలు, రోజుకు అంకె, అంతే. ఏడాది ఉండదు.

కాగితాల సంఖ్యను బట్టి ధర అనే నియమం ఉత్తరం ఆకారాన్నే మార్చేసింది. కవరు వేస్తే అదీ ఒక కాగితం కిందే లెక్క, ధర రెట్టింపు. అందుకని మామూలుగా కవరు వేసేవారు కాదు. పెద్ద కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. మూడిట్లో రాత, నాలుగో పేజీ మధ్యలో చిరునామా. పక్కలు లోపలికి మడిచి, ఒక కొసను ఇంకోదాన్లో దోపి, లక్క కరిగించి ముద్ర గుద్దేవాళ్లు. మూడో పేజీలో చోటు మిగలకపోతే అంచున అడ్డంగా తిప్పి రాశారు తప్ప రెండో కాగితం తీయలేదు. పల్లెలో కూలీకి రోజుకు 8 నుంచి 12 పెన్నీలు వచ్చే కాలంలో 6 పెన్నీల ఉత్తరం అంటే సగం రోజు కూలీకి తక్కువ కాదు.

మీ చిల్లు ఇక్కడిదే. ఉత్తరం విప్పినప్పుడు లక్క కింది కాగితం చిరిగి ఊడి వచ్చింది. ఆ ముక్క చాలాసార్లు ఎక్కడికీ పోదు, ఎదురు మడత మీద లక్కకు అంటుకునే ఉంటుంది. నాలుగో పేజీ స్కాన్‌లో లక్క ఉన్న చోటు పెద్దది చేసి చూడండి. ఎర్ర బిళ్ల కింద నుంచి తొంగిచూసే కాగితం మీద రెండు మూడు అక్షరాలు దొరుకుతాయి, ఒక్కోసారి బోర్లపడి ఉంటాయి, స్కాన్‌ను అద్దంలోలా తిప్పితే చదవొచ్చు. దొరకనివి చతురస్ర కుండలీకరణాల్లో చుక్కలుగా పెట్టండి. ఊహించి పూరించిన మాటను ఎప్పుడూ మూలం రాతతో కలపొద్దు.

చిరునామా లేనివి రెండు రకాలు. పార్లమెంటు సభ్యుల ఉత్తరాలకు టపా ఖర్చు లేదు, పైన సంతకం చేస్తే చాలు. మీ యజమాని సభ్యుడైనా, సభ్యుడైన స్నేహితుడు సంతకం పెట్టిన కాగితాలు ఇచ్చినా, విడిగా పై కాగితం చుట్టడానికి ఖర్చు లేదు. ఆ పై కాగితం తర్వాత పోతుంది, లోపలి ఉత్తరం మిగులుతుంది. చిరునామా లేదు, అంకె లేదు, లక్క జాడ లేదు, మడతలు మాత్రం ఉన్నాయి అంటే ఇదే. మడతలు కూడా లేకపోతే అది పంపిన ఉత్తరం కాదు, తన దగ్గర దాచుకున్న చిత్తు. చిత్తును పంపిన ఉత్తరంగా లెక్కేస్తే, ఎన్నడూ చేరని ఆజ్ఞ స్టీవార్డుకు చేరినట్టు మీ వరసలో నమోదవుతుంది.

జవాబు: కిస్తీలెక్క

మూడోది బకాయి కాదు, భూమి పన్ను. ఫ్రాన్సుతో యుద్ధం నడిచిన ఆ ఏళ్లలో పౌండుకు 4 షిల్లింగులు, అంటే ఐదో వంతు. ఆ పన్ను భారం భూస్వామిదే. కానీ వసూలుకు వచ్చినవాడికి రైతే కట్టి, రశీదు చూపించి కౌలులో తగ్గించుకునేవాడు. మీ లెక్కలో తగ్గింది 3 పౌండ్ల 10 షిల్లింగులు, ఏడాదికి 7 పౌండ్లు. పౌండుకు 4 షిల్లింగుల చొప్పున వెనక్కి లెక్కేస్తే పన్నుకు కట్టిన విలువ 35 పౌండ్లు. అసలు కౌలు 40. ఈ తేడా మామూలే, పన్ను విలువలు 1690లలో కట్టినవి, చాలాచోట్ల మళ్లీ మార్చలేదు. మరమ్మతుల ఖర్చు కూడా ఇలాగే తగ్గించుకునేవాళ్లు కాబట్టి, స్టీవార్డు లెక్కలో పన్ను అని విడిగా రాశాడేమో ఒకసారి చూసుకోండి.

కిస్తీలు మార్చి 25న, సెప్టెంబరు 29న. రెండోది మైకేల్మస్. లేడీ డే కౌలు జూన్‌లో జమ అయిందని బకాయి రాసేయకండి. పంట, పశువులు అమ్ముడయ్యే దాకా రెండు మూడు నెలలు ఆగడం వాడుక. దాని గురించి యజమాని చిరాకుపడటం కూడా వాడుకే.

గినీ అనే బంగారు నాణెం కనిపిస్తే ఆగండి. 21 షిల్లింగులు అన్నది 1717లో ఖాయమైంది. మీ ఏళ్లలో 21 షిల్లింగుల 6 పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు). 10 గినీలంటే 10 పౌండ్ల 15 షిల్లింగులు. చాలా లెక్కలు ఈ 6 పెన్నీల దగ్గరే తప్పుతాయి.

ఇక మీరు అడగలేదు గానీ, ప్రతి మూడో ఉత్తరంలోనూ ఎదురయ్యే విషయం డబ్బు లండన్‌కు పంపడం. 100 పౌండ్లు వెండి షిల్లింగుల్లో సుమారు 12 కిలోలు. దొంగలున్న దారిలో మోసుకెళ్లరు. ఊళ్లో పశువులు మేపి లండన్ స్మిత్‌ఫీల్డ్ సంతలో అమ్మే వర్తకుడికి స్టీవార్డు ఇక్కడ నగదు ఇస్తాడు. వర్తకుడు లండన్‌లో చెల్లే హుండీ, అంటే అక్కడ ఆ సొమ్ము చెల్లించమనే కాగితం, రాసిస్తాడు. అతనికి ఊళ్లో పశువులు కొనడానికి నగదు కావాలి, లండన్‌లో అమ్మిన సొమ్ము మోసుకు రానక్కర్లేదు. ఇద్దరికీ లాభమే. హుండీ లోపల పెట్టి పంపితే ఉత్తరం రెండు కాగితాలవుతుంది, అందుకే ఆ ఉత్తరాల మీద 4 గానీ 6 గానీ ఉంటుంది. మీ స్కాన్లలో ఆ అంకె ఉన్నవాటిని ఒకచోట పెట్టండి, డబ్బు కదలికలో పెద్ద భాగం అక్కడే బయటపడుతుంది. సంత మందగించి వర్తకుడు గడువు దాటిస్తే యజమాని నుంచి వరసగా రెండు మూడు టపాల్లో ఘాటైన ఉత్తరాలు వస్తాయి. వాటిలో స్టీవార్డు మీద నింద కనిపిస్తే వెంటనే నమ్మకండి. తప్పు చాలాసార్లు సంతది.

పాతకట్ట: 4 ఉన్న వాటిని విడదీశాను, చాలావాటిలో హుండీ ప్రస్తావన ఉంది! ఫిబ్రవరి తేదీ కూడా కుదిరింది. ఇంకో రెండు: బొత్తిగా అంకె లేకపోయినా చిరునామా ఉన్న ఉత్తరాలేమిటి? సిరా వెలిసిపోయిన పేజీలు ఎలా చదవాలి?

జవాబు: లక్కముద్ర

అంకె లేకుండా చిరునామా ఉంటే మొదట మూల చూడండి, పార్లమెంటు సభ్యుడి సంతకం ఉంటే ఖర్చు లేని ఉత్తరం. సంతకం లేకపోతే చాలావరకు సరుకు బండితో వచ్చింది. జింక మాంసం, కోళ్లు, దుప్పట్లు ఊరి నుంచి లండన్ సత్రానికి చేర్చే బండివాళ్లు ఉండేవారు. పెట్టెతో పాటు ఆ పెట్టెలో సరుకు గురించిన చీటీ తీసుకెళ్లొచ్చు, మిగతా ఉత్తరాలు టపాలోనే వెళ్లాలి. కాబట్టి అందులో సరుకు జాబితానే ఉంటుంది, మిగతా కబురు టపా ఉత్తరంలో వెతకాలి.

సిరా మాచికాయ, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసినది. అన్నభేదిలోని ఇనుము వల్ల మొదట నల్లగా ఉండి క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగు స్కాన్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానళ్లుగా విడదీసి నీలం చానల్ ఒక్కటే ఉంచండి. గోధుమ రంగు నీలం కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి అక్షరం నల్లగా తేలుతుంది. నలుపు తెలుపు స్కాన్ మీద ఇది పనిచేయదు, రంగు ఫైలు అడిగి తెచ్చుకోండి.

చదివేటప్పుడు వై అక్షరం పైన చిన్న ఇ ఉంటే అది "ది", పైన టి ఉంటే "దట్". పాత అక్షరం ఒకటి వై రూపంలో మిగిలింది. పొడుగు ఎస్‌ను ఎఫ్ అనుకోకండి. ఎఫ్‌కు అడ్డగీత కాడను దాటుతుంది. లెక్కల్లో రోమన్ అంకె చివరి ఐ తోక వేసుకుని జె అవుతుంది, వి ఐ ఐ జె అంటే 8.

జవాబు: పంచాంగం

ఈ తేదీ సూత్రం మన తీరం నుంచి వెళ్లిన ఈస్టిండియా కంపెనీ ఉత్తరాలకూ వర్తిస్తుంది. 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్ ఇంగ్లండులో భూస్వామి కూడా, ఓల్డ్ సారమ్ ఎస్టేటు అతనిదే. కృష్ణా ప్రాంతపు గని నుంచి వచ్చిన 410 కేరట్ల వజ్రాన్ని 48,000 పగోడాలకు (వరహాలకు) కొన్నాడు. అతని కాలపు మద్రాసు ఉత్తరాల్లో మార్చి 24 లోపు తేదీలకు ఇదే జాగ్రత్త కావాలి. ఇంకో తేడా ఉంది: ఓడ మునిగితే కబురు పోకుండా ఒకే ఉత్తరాన్ని వేర్వేరు ఓడల్లో రెండు మూడు ప్రతులుగా పంపేవాళ్లు. కంపెనీ కట్టల్లో అలాంటి నకళ్లు దొరికితే వాటిని వేర్వేరు ఉత్తరాలుగా లెక్కపెట్టకండి. చివరి పేరాలో మాత్రం తేడా ఉంటుంది, ఓడ బయల్దేరే లోపు తెలిసిన కొత్త సంగతి అక్కడే చేర్చేవాళ్లు.