కోప్లీ వేసిన ఆడవాళ్ల చేతుల్లో కలం ఎందుకు లేదు?

ప్రశ్న
పాత పోర్ట్రెయిట్లు చూసి పెన్సిల్‌తో గీస్తూ నేర్చుకుంటున్నాను. ఈ వారం అమెరికా చిత్రకారుడు జాన్ సింగిల్టన్ కోప్లీ 1763 ప్రాంతంలో వేసిన మెర్సీ ఓటిస్ వారెన్ బొమ్మ తీసుకున్నాను. నీలం పట్టు గౌను, మోచేతుల దగ్గర లేసు, వేళ్ల మధ్య నాస్టర్షియం పూలతీగ. ఆ వేళ్లు గీస్తుంటే మనసు అక్కడే ఆగిపోయింది. అమెరికా విప్లవ చరిత్రను మూడు సంపుటాలుగా రాసిన మనిషి ఈవిడ! అదే కోప్లీ 1765లో బోస్టన్ వ్యాపారి జాన్ హాంకాక్‌ను వేసినప్పుడు ముందు ఖాతా పుస్తకం, చేతిలో ఈక కలం పెట్టాడు. ఈవిడకి పూలతీగ ఎందుకు? నిజంగా బాధేసింది.

జవాబు 1
తేదీలు ఒకసారి చూడండి. 1763 నాటికి ఆవిడ రాసిందేదీ అచ్చులో రాలేదు. మొదటి నాటకం 1772లో వచ్చింది, అదీ పేరు లేకుండా. చరిత్ర 1805లో. బొమ్మ వేసేనాటికి ఆవిడ చిన్నపిల్లల తల్లి. తీగను సాకడాన్ని పిల్లల పెంపకానికి గుర్తుగా చూసేవారు. కాబట్టి కోప్లీ కలాన్ని దాచేశాడని అనలేం.

జవాబు 2
అచ్చుబొమ్మల సంగతి కూడా ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చే మెజోటింట్లు (పెయింటింగ్‌లను రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలు) చూసి కోప్లీ భంగిమలు తీసుకునేవాడు. మిసెస్ జెరాత్‌మీల్ బవర్స్ బొమ్మ చూడండి: భంగిమ, గౌను, ఒళ్లో కుక్కపిల్లతో సహా ఇంగ్లండ్ చిత్రకారుడు రెనాల్డ్స్ వేసిన లేడీ కరోలిన్ రస్సెల్‌దే. ముఖం ఒక్కటే ఈమెది. ఇంగ్లండ్ దొరసానిలా కనిపించడం అప్పట్లో గొప్ప. పేర్లూ అంతే, భర్త పేరుతోనే ఉంటాయి; మీరు గీస్తున్న బొమ్మ కూడా బోస్టన్ మ్యూజియంలో 'మిసెస్ జేమ్స్ వారెన్' అనే ఉంటుంది, అసలు పేరు బ్రాకెట్‌లో.

జవాబు 3
కోప్లీ 1773లో వేసిన మిఫ్లిన్ దంపతుల (థామస్, సారా) బొమ్మ తప్పకుండా గీయండి. సారా చిన్న మగ్గం మీద అంచు కుచ్చులు నేస్తుంటుంది. ఇంగ్లండ్ పాలన మీద నిరసనగా అమెరికా వలసల్లో ఇంగ్లండ్ సరుకు మానేసి ఇంట్లోనే నేసుకుందాం అన్న రోజులవి. ఆ పని రాజకీయమే. భర్త పుస్తకంలో వేలు పెట్టి ఆమెనే చూస్తుంటాడు, ఆమె సూటిగా మనల్ని చూస్తుంది.

ప్రశ్న అడిగినవారు
తేదీల మాట ఒప్పుకుంటున్నాను, నేను తొందరపడ్డాను. కానీ 1763లో కూడా ఆవిడ తల నిండా ఆలోచనలే కదా, వాటికి బొమ్మలో ఒక్క పుస్తకమైనా లేదే అన్న బాధ పోలేదు. ఇప్పుడే సారా బొమ్మ తెరిచి చూశాను. దారాల మధ్య ఆ వేళ్లు గీయడం చాలా కష్టం, రేపు మొదలుపెడతాను. మెర్సీ బొమ్మ కింద మాత్రం ఆవిడ పేరే రాశాను, బ్రాకెట్ లేకుండా.